ముందు కూర్చో

అమ్మల్లారా, అయ్యల్లారా, డాక్టర్లూ, నర్సమ్మలూ, వెనక గోడకి ఆనుకుని నిలబడ్డ తెల్ల కోట్ల పిల్లలూ, అందరికీ నమస్కారం. పనులు మానుకుని వచ్చారు. డాక్టరమ్మ కోసం వచ్చారు. ఆవిడ తరఫున మీకు దండం పెట్టే అధికారం నాకు ఎవరూ ఇవ్వలేదు. అయినా పెడుతున్నాను.

ఆ మైకు కాస్త దించు నాయనా. ఇంకొంచెం. ఆఁ, చాలు. ఇందాక మాట్లాడిన పెద్దలందరూ పొడుగువాళ్ళు, వాళ్ళ మాటలూ పొడుగే. నేను పొట్టివాణ్ణి.

నా చేతిలో కాగితం లేదు. రాసుకుని చదివేంత చదువు నాకు రాలేదు. సంతకం పెడతాను, దారపు రీళ్ళ మీద అక్షరాలు కూడబలుక్కుంటాను, అంతే. అయినా నన్ను మాట్లాడమని పిలిచారు. పిలవకపోయినా వచ్చి మాట్లాడేవాణ్ణి, అది వేరే సంగతి.

నన్ను ఎరగని వాళ్ళ కోసం చెబుతున్నాను. కాలేజీ గేటుకి ఎదురుగా, మెట్ల కింద కుట్టు మిషను పెట్టుకున్న టైలర్ని నేనే. ఈ కాలేజీ తెల్ల కోట్లు నా చేతి మీదుగా వెళ్ళినవే. ఈ హాల్లో సగం మంది భుజాల కొలతలు నాకు కంఠతా వచ్చు. కొందరి నడుం కొలత మాత్రం ఇప్పుడు అడక్కపోవడమే మర్యాద. రెండో సంగతి, నేను గుండె రోగిని. డాక్టరమ్మ చేతిలో బతికినవాణ్ణి.

ఇందాకటి నుంచి వింటున్నాను. దివంగతులయ్యారు అన్నారు. పూడ్చలేని లోటు అన్నారు. వైద్య రంగం ఏదో కోల్పోయింది అన్నారు, ఆ మాట నాకు సరిగ్గా తెలియలేదు. ఆవిడే ఇక్కడ ముందు వరసలో కూర్చుని ఉంటే ఏమనేవారు? "మామూలు మాటల్లో చెప్పు నాన్నా" అనేవారు. అవునా, కాదా? సరే, మామూలు మాటల్లో చెబుతాను. డాక్టరమ్మ చచ్చిపోయారు. నాకు చాలా బాధగా ఉంది.

అంతే. ఆ ముక్క అయిపోయింది. ఇక ఆవిడ బతికిన సంగతి మాట్లాడుకుందాం.

పిల్లలు ఆవిడకి కుర్చీ మేడం అని పేరు పెట్టారు. ఎందుకు పెట్టారో కొత్తవాళ్ళకి తెలీదు. ఏదో పదవిలో కూర్చున్నారు కాబట్టి అనుకుంటున్నారేమో. ఆవిడ ఏ పదవిలోనూ కూర్చోలేదు. ఎక్కడ కూర్చున్నారో చెబుతాను.

చిన్నప్పుడు నాకు కీళ్ళ జ్వరం వచ్చింది. కీళ్ళు బాగయ్యాయి గానీ ఆ జ్వరం గుండెను పట్టుకుంది. పెళ్ళయిన కొత్తలో ఆయాసం మొదలైతే ఒక డాక్టరు మాత్రలిచ్చి, "నెలనెలా సూది వేయించుకో" అన్నాడు. ఆ మాట నాతో అన్నాడో, బల్లతో అన్నాడో తెలీదు. తల ఎత్తలేదు మరి. మాత్రలు మింగాను, సూదులు వేయించుకున్నాను, ఆయాసం తగ్గింది. తగ్గాక సూదెందుకు? మానేశాను. తప్పు నాదా? కాదు. అప్పుడూ కాదన్నాను, ఇప్పుడూ కాదంటాను. దేనికో చెప్పని మందు ఎంతకాలం వేసుకుంటాడు మనిషి?

మళ్ళీ ఊపిరాడక మోసుకొచ్చి ఈ ఆసుపత్రి జనరల్ వార్డులో పడేశారు. నిలబడ్డ ప్రతివాడూ తిట్టాడు. "సూది ఎందుకు మానేశావ్?" "చదువుకోకపోతే ఇంతే." "వీళ్ళకెంత చెప్పినా దండగ." ఎంత చెప్పారు నాకు? ఒక్క ముక్క చెప్పారా?

అప్పుడు వచ్చారు డాక్టరమ్మ. అప్పటికి వయసులో ఉన్నారు, జుట్టంతా నల్లగా ఉండేది. నా మంచం అంచున కూర్చున్నారు. తిట్టలేదు. "నీ పనేంటి?" అన్నారు. "కుట్టుపని" అన్నాను. "మీ ఇంటికి తలుపుందా?" అన్నారు. నాకు ఒళ్ళు మండింది. "ఎంత లేనివాళ్ళమైనా తలుపు లేకుండా ఉంటామా అమ్మా?" అన్నాను. ఆవిడ నవ్వారు. "గుండెలో కూడా తలుపులుంటాయయ్యా. రక్తం ఒక గదిలోంచి ఇంకో గదిలోకి వెళ్ళాలంటే అవి తెరుచుకోవాలి. నీకు అందులో ఒకటి బిగుసుకుపోయింది. సూది ఆ తలుపును తెరవదు. ఇంకా బిగుసుకోకుండా కాపలా కాస్తుంది. నీకు బాగున్నప్పుడు కూడా కాపలా ఉండాలి. తలుపు తెరిచే పని తర్వాత ఆపరేషన్లో చూసుకుంటాం" అన్నారు.

అని ఊరుకున్నారా? "ఇప్పుడు నువ్వు నాకు చెప్పు" అన్నారు. "నేనేమన్నా బడిపిల్లాడినా, పాఠం అప్పజెప్పడానికి?" అన్నాను. అప్పుడు ఆవిడన్న మాట వినండి. "పరీక్ష నీకు కాదు, నాకు. నువ్వు తప్పు చెబితే ఫెయిలయ్యేది నేను."

నా జన్మలో ఒక చదువుకున్న మనిషి నా ముందు పరీక్షకి కూర్చోవడం అదే మొదలు. నేను చెప్పాను. తలుపు, కాపలా, బాగున్నా సూది, అన్నీ చెప్పాను. ఆ తర్వాత సూది మానలేదు. ఆపరేషనూ అయింది. ఇదిగో, తల నెరిసి, నోరు పెద్దదై మీ ముందు నిలబడ్డాను.

ఆ వార్డులోనే ఉండగా ఇంకో సంగతి జరిగింది. అది చెప్పకపోతే కుర్చీ సంగతి తెలీదు.

ఆ రోజుల్లో పొద్దున పూట పిల్లలు పాఠానికి గుంపుగా వచ్చేవాళ్ళు. మా మంచం చుట్టూ మూగేవాళ్ళు. దుప్పటి లాగేవాళ్ళు. చల్లటి చేతులు పెట్టేవాళ్ళు. మాకు పేర్లుండేవి కావు, మంచం నంబర్లుండేవి. మా పొట్టల మీదుగా వాళ్ళలో వాళ్ళు ఇంగ్లీషులో మాట్లాడుకుని వెళ్ళిపోయేవాళ్ళు. దుప్పటి మళ్ళీ మేమే కప్పుకోవాలి.

అదే సమయంలో స్పెషల్ రూములో ఒక మిల్లు యజమాని చేరాడు. ఆయనదీ గుండె జబ్బే. డాక్టరమ్మ పిల్లల్ని వెంటబెట్టుకుని వెళ్ళి, తలుపు తట్టి, "వీళ్ళు మీ గుండె చప్పుడు వింటారు, మీకు పర్వాలేదా?" అని అడిగారు. ఆయన మండిపడ్డాడు. "నేనేమన్నా బొమ్మనా? వార్డులో బోలెడు మంది పడున్నారుగా, వాళ్ళ మీద నేర్చుకోండి" అన్నాడు. ఇంకొకరైతే బతిమాలేవాళ్ళు, లేదా విసుక్కునేవాళ్ళు. ఆవిడ "వద్దనే హక్కు మీకుంది" అని తలుపు మెల్లగా మూసి వచ్చేశారు.

నేరుగా మా వార్డుకి వచ్చారు. మధ్యలో నిలబడి గొంతెత్తి చెప్పారు. "అందరూ వినండి. స్పెషల్ రూములో ఆయనకి వద్దనే హక్కుంటే మీకూ ఉంది. రేపట్నుంచి నా పిల్లలు మిమ్మల్ని ముట్టుకునే ముందు అడుగుతారు. ఇష్టం లేకపోతే వద్దనండి. మందు ఆగదు. మంచం పోదు. ఎవరూ ముఖం మాడ్చుకోరు."

మర్నాడు పిల్లలు వచ్చి అడిగారు. మొదటి మంచం కమ్మరాయన "వద్దు" అన్నాడు. పక్క మంచం బస్సు కండక్టరు "వద్దు" అన్నాడు. నేనూ "వద్దు" అన్నాను. చివరి మంచం మీద ఒక మనిషి ఉండేవాడు, పుట్టి బుద్ధెరిగాక ఎవరికీ ఎదురు చెప్పి ఉండడు. ఆయన దుప్పటి ముఖం మీదికి లాక్కుని, లోపల్నుంచి సన్నగా "వద్దు" అన్నాడు. వార్డు వార్డంతా వద్దు! నొప్పి ఉండి కాదు. కోపం ఉండి కాదు. అనగలమో లేదో చూద్దామని. ఆ మాట నోట్లోంచి బయటికొస్తుంటే ఎంత రుచిగా ఉందో మీకేం తెలుసు? మీరు రోజూ అంటారు.

పిల్లలు నోరెళ్ళబెట్టారు. అప్పటి పెద్ద సారు పరుగెత్తుకొచ్చాడు. "ఏంటమ్మా ఇది? వీళ్ళకి కళ్ళు నెత్తికెక్కించారు. ఇక క్లాసు నడిచినట్టే!" అని కేకలేశాడు. డాక్టరమ్మ నవ్వు ఆపుకోలేకపోయారు. "నడుస్తోంది సార్. ఇవాళ్టి పాఠం అడగడం" అన్నారు. అని పిల్లల వైపు తిరిగి, "గుంపుగా నిలబడి అడిగితే దొంగని అడిగినట్టుంటుంది. ఒక్కొక్కరూ ఒక్కొక్కరి దగ్గరికి వెళ్ళండి. ముందు కూర్చోండి. ముట్టుకోవడం తర్వాత" అన్నారు.

కూర్చోడానికి కుర్చీలేవీ? రోగికి మంచం, డాక్టరుకి నేల, అదీ వార్డంటే. ఇన్నేళ్ళ ఆసుపత్రిలో రోగి పక్కన కూర్చోవాల్సి వస్తుందని ఎవరికీ తోచలేదు చూశారా!

అందులో ఒక విద్యార్థి ఉండేవాడు. వాడి కోటు చేతులు వేళ్ళు దాటి వేలాడేవి. అది నా కుట్టు లోపం కాదు, వాళ్ళమ్మ "ఇంకా ఎదుగుతాడు, పొడుగ్గా వదలండి" అంది. ఎదగలేదు. వాడు పరుగెత్తి ఎక్కడి నుంచో ఒక కుర్చీ మోసుకొచ్చి నా మంచం పక్కన వేసి కూర్చున్నాడు. తన పేరు చెప్పాడు. నా పేరు అడిగాడు. రోజుకి ఎన్ని కోట్లు కుడతారన్నాడు, మిషను తొక్కితే ఆయాసం వస్తుందా అన్నాడు, ఇంట్లో ఎవరున్నారన్నాడు. చివరికి, "బాబాయ్, మీ గుండె చప్పుడు వినొచ్చా?" అన్నాడు. "ముందు చేతులు వెచ్చజేసుకో, అప్పుడు విను" అన్నాను.

మధ్యాహ్నానికి వార్డంతా ఒప్పుకుంది. దుప్పటిలో ఆయన కూడా బయటికొచ్చి తన ఊసులన్నీ చెప్పాడు, ఆపడమే కష్టమైంది. ఇక మిల్లు యజమాని సంగతి చెప్పాలా? వార్డులోంచి నవ్వులు వినబడుతుంటే ఆయనకి గదిలో తోచలేదు. నర్సమ్మ చేత కబురు పంపాడు. "నా గుండె ఏం పాపం చేసింది? నా దగ్గరికి ఎవరూ రారేం?" డాక్టరమ్మ పిల్లల్ని పంపుతూ, "కుర్చీ మీరే పట్టుకెళ్ళండి. అక్కడ సోఫా ఉంది, అందులో కూర్చోకండి, మునిగిపోతారు" అన్నారు.

అలా వచ్చాయి వార్డుకి కుర్చీలు. నేను ఇంటికి వెళ్ళాక తెల్ల కోట్ల కత్తిరింపు ముక్కలన్నీ కలిపి, వాటికి మెత్తలు కుట్టిచ్చాను. నీలం దారంతో కుట్టాను, నా గుర్తుగా.

ఆ తర్వాత డాక్టరమ్మ పట్టుబట్టి ఆఖరి ఏడాది పరీక్షలో కుర్చీని కూడా పెట్టించారు. విద్యార్థి కుర్చీలో కూర్చోవాలి. రోగికి తన జబ్బేంటో, మందెందుకో, మానేస్తే ఏమవుతుందో రోగి మాటల్లో చెప్పాలి. రోగి దాన్ని తిరిగి చెప్పాలి. చెప్పలేకపోతే ఫెయిలయ్యేది రోగి కాదు.

సాయంత్రాలు పిల్లల్ని నా మెట్ల మీదికి తెచ్చి సాధన చేయించేవారు. "టైలరుకి అర్థమయ్యేలా చెప్పండి" అనేవారు. "అంటే నేనంత మొద్దునా?" అని ఒకసారి అడిగేశాను. "కాదయ్యా. అందరూ మొహమాటానికి తల ఊపుతారు. నువ్వు అర్థం కానిదాన్ని అర్థమైందని చచ్చినా అనవు. అలాంటివాడు దొరకడం కష్టం" అన్నారు. నాకు ఎవరూ బిరుదులివ్వలేదు. ఇది చాలు.

ఇప్పుడు చివరి సంగతి. ఇది ఈ మధ్యదే.

ఆసుపత్రి దుప్పట్లు ఉతికే తల్లి మీ అందరికీ తెలుసు. ఆమె కూతురు ఈ కాలేజీలోనే ఆఖరి ఏడాది చదువుతోంది. మొదటి ఏడాది కోటు కొలతలకి వచ్చినప్పుడు, "తాతా, అంచు లోపల గుడ్డ ఎక్కువ వదులు. చదువైపోయేదాకా ఇదే కోటు" అంది. క్లాసులో నోరు విప్పితే ఇంగ్లీషు తడబడేదట. తోటివాళ్ళు దుప్పటి డాక్టర్ అని పేరు పెట్టారు. పెట్టినవాళ్ళు ఇక్కడే ఉన్నారు, తల దించుకోనక్కర్లేదు, కుర్చీలో కూర్చోవడం తర్వాత మీరు ఆమె దగ్గరే నేర్చుకున్నారని నాకు తెలుసు. ఆ కుర్చీలో కూర్చుంటే ఆ పిల్లకి తడబాటు లేదు. చిన్నప్పటి నుంచి అమ్మకీ, అమ్మతో పనిచేసే వాళ్ళకీ డాక్టర్ల మాటలు విడమర్చి చెప్పిన పిల్ల మరి.

డాక్టరమ్మకి జబ్బు చేసి, అదే జనరల్ వార్డులో, ఆడవాళ్ళ వైపు చేరారు. స్పెషల్ రూము ఇస్తామంటే వద్దన్నారు. వద్దనే హక్కుందిగా! నేను కొత్త దిండు కవరు కుట్టి తీసుకెళ్ళాను. ఎండ కిటికీలోంచి మంచం మీద పడుతోంది. ఈ పిల్ల వచ్చి కాళ్ళ దగ్గర నిలబడింది. "మీకు చెప్పేంతదాన్నా మేడం?" అంది. "నేనిప్పుడు మేడం కాదమ్మాయ్, మంచం మీద ఉన్న మనిషిని. కూర్చో" అన్నారు డాక్టరమ్మ.

కూర్చుంది. పేరు చెప్పింది. ఈ జబ్బు ఎంతదాకా పాకిందో చెప్పింది. మందు నొప్పిని ఆపుతుంది, జబ్బును ఆపదు అని చెప్పింది. ఏ మాటా దాచలేదు. "ఇప్పుడు మీరు నాకు చెప్పండి మేడం" అంది.

డాక్టరమ్మ కొత్త దిండు మీద వెనక్కి వాలారు. "అంటే, ఈ మందుతో తగ్గిపోతుందన్నమాట" అన్నారు.

ఆ పిల్ల కుర్చీ ఇంకా దగ్గరికి జరుపుకుంది. ఆవిడ చెయ్యి పట్టుకుంది. "కాదు మేడం. నేనే సరిగ్గా చెప్పలేదు. మళ్ళీ చెబుతాను" అంది. మళ్ళీ మొదట్నుంచి, మెల్లగా, ఏ ముక్కా దాటెయ్యకుండా చెప్పింది. ఈసారి డాక్టరమ్మ సరిగ్గా తిరిగి చెప్పారు. చెప్పి, ఆ పిల్ల బుగ్గ తట్టారు. "నువ్వు డాక్టరువి" అన్నారు.

డాక్టరమ్మ మొదటిసారి తప్పు చెప్పింది పరీక్ష పెట్టడానికా? నిజంగానే ఒక్క క్షణం ఆశపడ్డారా? నాకు తెలీదు. నేను అడగలేదు. ఏదైనా సరే, ఆ క్షణంలో పక్కన ఒక మనిషి కూర్చుని ఉంది. నిలబడి తొందరపడుతూ కాదు. కూర్చుని ఉంది. పోయేటప్పుడు ఆవిడకి ఆవిడ పాఠమే తోడొచ్చింది. ఎంత మంది మాస్టర్లకి దక్కుతుంది ఆ భాగ్యం?

అందుకే నేను ఏడవడానికి రాలేదు. అడగడానికి వచ్చాను.

ఎల్లుండి పరీక్షల కమిటీ కూర్చుంటుందట. కుర్చీ పరీక్ష ఎత్తేస్తారట. పిల్లల సంఖ్య పెరిగింది, టైము చాలదు, కంప్యూటర్లో ప్రశ్నలు పెడితే చాలు అంటున్నారట. అయ్యా, నాకూ గిరాకీ పెరిగింది. కొలతలు తీసే టైము లేదు, అందరికీ ఒకటే సైజు కోటు కుడతాను అంటే మీరు వేసుకుంటారా? కుర్చీ తీసేస్తే నష్టపోయేది మంచం మీదున్న మాలాంటి వాళ్ళం మాత్రమేనా? రేపు ఇంకో దుప్పట్ల అమ్మ కూతురు వస్తుంది. తనకేం వచ్చో ఏ కంప్యూటరుకి చూపిస్తుంది?

ప్రిన్సిపాల్ గారూ, మీరు ఇక్కడే స్టేజి మీద ఉన్నారు. మీ ముఖం మీదే చెబుతున్నాను, వెనక చెప్పే అలవాటు నాకు లేదు. ఆ పొడుగు చేతుల కోటు ఎవరిదో వీళ్ళకి తెలీదు. నాకూ మీకూ తెలుసు. ఈ ఆసుపత్రి వార్డులో మొదట కుర్చీ వేసుకుని కూర్చున్నది మీరు. సిగ్గుపరచడానికి చెప్పడం లేదు బాబూ. గర్వంగా చెబుతున్నాను. మొదలుపెట్టిన చెయ్యే తీసెయ్యడం నాకు నచ్చలేదు. అంతే. ఇది నేను అడగడం. వద్దనే హక్కు మీకుంది. కానీ అనరని నా నమ్మకం. ఆ రోజు మీ చేతులు వెచ్చగానే ఉన్నాయి.

ఇంకొక్క మాట. మీరు కూర్చున్న కుర్చీలు చూసుకున్నారా? హాల్లో కుర్చీలు చాలక, పనివాళ్ళు వార్డుల్లోంచి మోసుకొచ్చారు. డాక్టరమ్మ పోయాక అక్కడ వాటిని వేసుకుని కూర్చునేవాళ్ళు లేరు కదా, గోడవారన ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చున్నాయి. రాగానే గుర్తుపట్టాను. మీ కింద ఉన్న మెత్త చేత్తో తడిమి చూడండి. అంచున నీలం దారం తగులుతుంది.

జీవితమంతా "ముందు కూర్చో" అన్న మనిషి కోసం ఇప్పుడు మిమ్మల్ని లేవమంటున్నాను. నాకే వింతగా ఉంది. కాసేపు మాట్లాడకుండా నిలబడదాం. ఆవిడని తలుచుకోండి. చెవిలో గొట్టాలు పెట్టుకున్నాక ఆవిడ ఎంత కదలకుండా వినేవారో, అలా నిలబడండి.

అది అయ్యాక మాత్రం ఎవరూ మళ్ళీ ఇక్కడ కూర్చోకండి. ఎవరి కుర్చీ వాళ్ళు ఎత్తుకోండి. బరువేం లేదు, నా గుండె పెట్టుకుని నేనే మోస్తాను. వార్డుకి దారి మీకు తెలుసు. ప్రతి మంచం పక్కనా ఒకటి వెయ్యండి, వేసినవాళ్ళు కాసేపు కూర్చోండి. ప్రిన్సిపాల్ గారూ, మీ కింద ఉన్నది సోఫా కుర్చీ, అది వదిలెయ్యండి, మునిగిపోతారు. నాది పట్టుకుందాం రండి, చెరో వైపు.

ముందు మౌనం. లేవండి.